తేమ ఊళ్లో కొయ్య దేవుళ్లు

సింగపూర్ గాలిలో తేమ ఏడాది సగటున 80 శాతం దాటుతుంది. కొయ్యపని చేసేవాడికి ఇంతకంటే పరీక్ష పెట్టే ఊరు ఉండదు. కొయ్య పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ దాక్కుని ఉంటుంది; అలాగే తీసుకెళ్లి ఏసీ గదిలో పెడితే బీట వేస్తుంది. అలాంటి చోట 1896లో మొదలై, నేటికీ చైనీయుల దేవతామూర్తులను చేత్తో చెక్కుతున్న దుకాణం నీల్ రోడ్డులోని సే తియాన్ హంగ్ బుద్ధా షాప్.

చెక్కుడు చూసి అందరం మురిసిపోతాం. నాకు మాత్రం అసలు పనితనం ఆ తర్వాతే కనిపిస్తుంది. కొయ్యను తొందరపెట్టి ఎండబెడితే పైపొర ముందు బిగుసుకుని, లోపలిది వెనకబడి, పగులు తప్పదు. అందుకే ఓపిగ్గా ఆరనిచ్చి, సందులు పూడ్చి, గరుకు కాగితంతో రుద్దుతారు. ఇక మెత్తటి పొడిలో చెట్టుపాల వార్నిష్ కలిపి, ముద్ద చేసి, సన్నని దారంలా సాగదీస్తారు. ఆ దారాన్ని చుట్టలు తిప్పుతూ, పుల్లతో నొక్కుతూ మూర్తి అంగీ మీద డ్రాగన్లు పోస్తారు. బిగుసుకునేలోపే అతకాలి. గట్టిపడ్డాక రంగులు, బంగారు రేకు.

మన కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లకు తెల్లపొణికి కర్రను ఆరబెట్టడానికి సెగ ఉంది. చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కు ఉంది. పని వరస మాత్రం అదే.

అగరుపొగకు నల్లబడ్డ పాత విగ్రహాలూ ఈ దుకాణానికి బాగుచేయించుకోవడానికి వస్తాయి. కొత్తది చెక్కడం కంటే అదే పెద్ద తద్దినం అనుకుంటాను.