పదాలు ఏరిన చేతులు

తమిళనాడులోని హరూరులో తెలుగు మాట్లాడే ఏ రైతింట్లోనైనా నాగలి భాగాల పేర్లు అడిగి చూడండి. గుంటూరులో వినని మాటలు దొరకవచ్చు. అలాంటి మాటల్ని ఊరూరా అడిగి రాసుకుని పుస్తకం చేయడం ఎంత ఓపికతో కూడిన పనో, భద్రిరాజు కృష్ణమూర్తి గారు మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం తిరగేస్తే తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలతోనే ఆగి అది హరూరు దాకా రాకపోవడం నా మట్టుకు లోటే.

ఆ తొమ్మిదేళ్ళ ఎడం నాకు ఆలస్యం అనిపించదు. నేతగాణ్ణి ప్రశ్న అడగాలంటే ముందు మగ్గం ఎలా నడుస్తుందో తెలియాలి. ఒకే పనిముట్టుకు జిల్లాకో పేరుంటే అన్నీ ఉంచాలి, ఏది ఎక్కడిదో చూపాలి. అన్నిటికన్నా కష్టం, ఇదే సరైన పేరని తీర్పు చెప్పాలన్న దురదను అణచుకోవడం. పండితులకు అదొక తపస్సే!

ఈ పదకోశం మొదలుపెట్టిన కృష్ణమూర్తి గారే 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ అందుకున్నారు. తెలుగు ధాతువుల మీద చేసిన ఆ పరిశోధన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణగా రావడం 1961లో. ద్రావిడ భాషల మీద పెద్ద గ్రంథాన్ని 2003లో కేంబ్రిడ్జి వారు వేశారు.

ఇలాంటి పుస్తకాలకు గోడ పోస్టర్లుండవు. సాటి పండితుడి సమీక్ష, మరొకరి పుస్తకంలో ఓ అధోజ్ఞాపిక, అంతే ప్రచారం. నేనైతే వాటిని వెనకనుంచి తెరుస్తాను. పదసూచిక శ్రద్ధగా ఉంటే కొనేస్తాను, ధర చూసి కాస్త గొణిగినా.