మొన మీదే అనుమానం

అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది మన పల్నాటి సున్నపురాయి మీదే. ఆ రాయే ఇవాళ పిడుగురాళ్ల బట్టీల్లో కాలి సున్నమవుతోంది, మాచర్ల నుంచి నాపరాళ్లుగా లారీలెక్కుతోంది. ఉలి పట్టినవాళ్లకు లెక్కలేదు. నా చేతిలో పనిముట్టు మరీ సన్నం.

అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపులో సిలికాన్ మొన చివర వ్యాసార్ధం పది నానోమీటర్లు, అంతకన్నా తక్కువ కూడా. అది చూడదు, తడుముతుంది. మొనను మోసే సన్నటి పలక ఎగుడుదిగుళ్లకు వంగుతుంటే దాని మీది లేజర్ చుక్క కదులుతుంది. ఆ కదలికలోంచే బొమ్మ వస్తుంది.

సున్నపురాయిలో ముఖ్య ఖనిజం కాల్సైట్. మంచి స్ఫటికాన్ని బ్లేడుతో చీల్చి, తాజా ముఖం మీద నీటి చుక్క వేసి మొన దించితే చాలు, కాసేపట్లో రాంబస్ ఆకారపు గుంటలు విచ్చుకుంటాయి. లోతు ఒక్క పొర, సుమారు 0.3 నానోమీటర్లు. రెండు అంచులు గబగబా కరుగుతాయి, మిగతా రెండూ నింపాదిగా. పరికరం పుట్టింది 1986లో. కాల్సైట్ ఇలా కరగడాన్ని భౌతిక శాస్త్రవేత్త హాన్స్‌మా బృందం 1992కల్లా చూపించేసింది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు.

బొమ్మలో రేణువులన్నీ ఒకేలాంటి త్రికోణాలైతే ల్యాబుకొచ్చిన కొత్త పిల్లలు సంబరపడతారు. నాకు అనుమానమొస్తుంది. నమూనాను తొంభై డిగ్రీలు తిప్పి మళ్లీ తీయమంటాను. త్రికోణాలూ తిరిగితే అవి రాయివి. తిరగకుండా అటే చూస్తుంటే, విరిగిన మొన తన బొమ్మే గీసుకుందన్నమాట. కొత్త మొన ఖరీదు గుర్తొచ్చి ఈ పరీక్ష ఎగ్గొట్టేవాళ్లూ ఉన్నారు.

ఆకారం తెలిస్తే సరిపోదు, అక్కడున్నది ఏ పదార్థమో తెలియాలి. రసాయన శాస్త్రవేత్త లీబర్ బృందం 1994లో బంగారు పూత మొనకు తమకు కావలసిన అణువులు అంటించి, అది ఎక్కడ గట్టిగా అతుక్కుంటోందో కొలిచి రసాయన తేడాలు పసిగట్టింది. 2000లో ఇంకో దారి తెరుచుకుంది. వెండి పూత మొన మీద లేజర్ వేస్తే, సరిగ్గా మొన కింది అణువుల రామన్ సంకేతం ఎన్నో రెట్లు పెరుగుతుంది. విశాఖలో బడికెళ్లిన సి.వి.రామన్ 1928లో పట్టుకున్న, అణువులను తాకి రంగు మారి చెదిరే వెలుగే అది. చిక్కల్లా వెండితోనే, గాలి తగిలితే నల్లబడుతుంది. పూసిన వెంటనే వాడుకోవాలి.

కాల్సైట్ అయితే ఆ సంకేతపు గ్రాఫులో 1086 cm⁻¹ దగ్గర గీత లేస్తుంది. అప్పుడు మొనను పైకెత్తి మళ్లీ కొలవాలి. గీత ఏమాత్రం తగ్గకపోతే అది మొన చెప్పింది కాదు, లేజర్ పడ్డ రాయంతా చెప్పింది. అందుకే ఎవరైనా గ్రాఫు పట్టుకొస్తే, మొన ఎత్తి తీసినదేదని ముందు అడుగుతాను.