అత్యవసర పరికరాల ఆన్‌లైన్ బోధన: నర్సింగ్ పాఠంలో క్రియావాక్యం - ఒక విమర్శ

వ్యాస సంగ్రహం: నర్సింగ్ విద్యార్థులకు అత్యవసర పరికరాల వినియోగాన్ని ఆన్‌లైన్‌లో నేర్పేటప్పుడు అధ్యాపకుని చేయి చేసే పనిలో కొంత భాగాన్ని వాక్యం మోయవలసి వస్తుంది. ఆ వాక్యం నిర్మాణంలో కలిగే దోషం నైపుణ్యంలోనూ దోషమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నర్సింగ్ విద్య, ఆన్‌లైన్ బోధన, అత్యవసర పరికరాలు, క్త్వార్థకం, పరిభాష.

1. ఉపోద్ఘాతం

2020 మార్చిలో కోవిడ్ కారణంగా కళాశాలలు మూతపడినప్పుడు నర్సింగ్ పాఠాలు కూడా తెర మీదికి మారాయి. సిద్ధాంత భాగానికి ఆ మార్పు చాలావరకు సరిపోయింది. డీఫిబ్రిలేటర్, అంబూ బ్యాగ్, లారింగోస్కోప్ వంటి పరికరాల దగ్గర చిక్కు వచ్చింది. నైపుణ్యం గలవారిని తెలుగులో ‘చేయి తిరిగినవారు’ అంటారు. చూసినంత మాత్రాన చేయి తిరుగుతుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. తెర పరిధి

వైద్యవిద్యలో సామర్థ్యాన్ని జార్జ్ మిల్లర్ 1990లో నాలుగు మెట్లుగా వివరించాడు: తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, విధుల్లో వాస్తవంగా చేయడం. బహుళైచ్ఛిక ప్రశ్నలతో ముగిసే ఆన్‌లైన్ పరీక్ష మొదటి రెండు మెట్లనే కొలుస్తుంది. క్రాష్ కార్ట్‌లో ఏ అరలో ఏముందో, లారింగోస్కోప్ బల్బు వెలుగుతున్నదో లేదో ఎలా సరిచూడాలో వీడియో చక్కగా నేర్పగలదు. ఎన్నిసార్లైనా తిప్పి చూపగలదు. అంబూ బ్యాగ్ మాస్కు ముఖానికి సరిగా ఆనక గాలి పక్కకు పోతున్న సంగతి మాత్రం పట్టుకున్న చేతికే తెలుస్తుంది.

3. వాక్యంలో క్రమం

“ఛాతీని ఒత్తి, ప్యాడ్లు అంటించి, యంత్రాన్ని ఆన్ చేయాలి.” ఈ వాక్యాన్ని నమూనాగా పరిశీలించవచ్చు. వ్యాకరణరీత్యా ఇందులో లోపం లేదు. క్త్వార్థకం సాధారణంగా ముందు జరిగిన పనిని సూచిస్తుంది. ఆ పనులన్నిటికీ కర్త ఒక్కరే అన్న భావన కలిగిస్తుంది. దీన్ని విన్న విద్యార్థి ఒత్తడం ఆపి ప్యాడ్లు అందుకుంటుంది. ఆ విరామంలో గుండెకు, మెదడుకు రక్తప్రసరణ తగ్గిపోతుంది. పైగా ఏ.ఇ.డి.ని ముందుగా ఆన్ చేయాలి; ఆపై అది పలికే సూచనలను అనుసరించాలి.

ఇద్దరున్న సందర్భానికి తగిన వాక్యం ఇలా ఉండాలి: “ఒకరు ఛాతీని ఒత్తుతూ ఉండగా మరొకరు ఏ.ఇ.డి.ని ఆన్ చేసి, ప్యాడ్లు అంటించాలి. యంత్రం గుండె లయను విశ్లేషించేటప్పుడు, షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ రోగిని తాకకూడదు. షాక్ ఇచ్చిన వెంటనే మళ్లీ ఒత్తడం మొదలుపెట్టాలి.” ఇక్కడ ‘ఉండగా’ అన్న రూపం ఏకకాలాన్ని, కర్తృభేదాన్ని ఒకేసారి తెలుపుతున్నది. ఎదుట బొమ్మ ఉన్న తరగతిలో ఇటువంటి లోపాన్ని అధ్యాపకుడు చేతితో సవరిస్తాడు. రికార్డు చేసిన పాఠంలో ఆ అవకాశం ఉండదు.

4. నామం, క్రియ

పరిభాషలో రెండు అతులు కనిపించవచ్చు. లారింగోస్కోప్‌ను ‘స్వరపేటికా దర్శిని’గా మార్చడం ఒకటి. వార్డులో సహోద్యోగి ఆ పేరుతో అడగరు. పెట్టె మీద ఆ పేరు ఉండదు. పాఠమంతా ఆంగ్లంలోనే నడపడం రెండవది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి పరికరం పేరు కన్నా ఒత్తడం, వదలడం, ఆనించడం, ఎత్తిపట్టడం వంటి చర్యల మధ్య తేడాలే కష్టం. పేర్లను వాడుకలో ఉన్నట్లే ఉంచి, క్రియలను తెలుగులో చెప్పడం ఉచితం. షాక్‌కు ముందు “తప్పుకోండి!” అన్న ఒక్క మాట గదిలో అందరికీ అందుతుంది.

5. ముగింపు

ఆన్‌లైన్ పాఠం చేతి అభ్యాసానికి ముందు మెట్టుగా ఉండవలసినది. దానికి బదులు కాజాలదు. పేర్లు, అమరిక, క్రమం తెర మీద నేర్చుకుని వచ్చిన విద్యార్థికి కళాశాలలోని సమయమంతా బొమ్మపై అభ్యాసానికి మిగులుతుంది. అధ్యాపకుడు కళ్లారా చూసి సవరించిన తరువాతే ఆ నైపుణ్యాన్ని ధ్రువీకరించాలి. పాఠాన్ని రికార్డు చేసే ముందు ప్రతి క్రియావాక్యాన్ని నర్సింగ్ అధ్యాపకులు, తెలుగు అధ్యాపకులు కలిసి పరిశీలించడం అవసరం. ప్రాణం నిలిపే క్షణంలో విద్యార్థి చేయి, తాను విన్న వాక్యాన్నే అనుసరిస్తుంది.