గోడమీద పుస్తకాలు

ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి గుండం గట్టున కూర్చుని మా మేనల్లుడు సెల్‌ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. వాడుండేది సియాటిల్‌లో. అక్కడి కేంద్ర గ్రంథాలయంలో జార్జ్ లెగ్రాడీ అనే కళాకారుడు 2005లో ఆరు తెరలు వరసగా పెట్టించాడు. గడిచిన గంటలో పాఠకులు ఇంటికి పట్టుకెళ్ళిన పుస్తకాల పేర్లు వాటిమీద సాగిపోతుంటాయి. అచ్చం గుండంలో పూలు తేలినట్టే!

ఏ మాటకా మాటే చెప్పాలి, బావుంది. అన్నిటికంటె నచ్చిందేమిటంటే, తీసుకున్నవారి పేరు ఎక్కడా కనపడదు. మేం చదివే రోజుల్లో ఇష్యూ రిజిస్టరు బల్లమీద తెరిచే ఉండేది. ఎవరమ్మాయి ఏ నవల పట్టుకెళ్ళిందో ఊరంతటికీ తెలిసిపోయేది. పాపం, ఆ భయానికే కొందరు గడప తొక్కేవారు కాదు.

ఇప్పుడు గంట ఆగే పని కూడా లేదుట. వెనకటి పద్ధతిలో తెర పదేపదే "కొత్తదేమైనా వచ్చిందా?" అని అడగాలి, ఉత్తరంకోసం పోస్టుమాన్ వెంట పడ్డట్టు. 2011లో వెబ్‌సాకెట్ పద్ధతికి ప్రమాణం ఖాయమయింది. అందులో లైను తెరిచే ఉంటుంది. ఇటు మాట అటూ, అటు మాట ఇటూ క్షణంలో పోతాయి.

నా పేచీ ఇక్కడే. లైను రెండువైపులా తెరిచి ఉంటే తెర ఒకవైపే మాట్లాడటమేమిటి? పట్టుకెళ్ళిన పుస్తకం గోడకెక్కింది, సరే. అడిగి, లేదనిపించుకుని, వట్టి చేతులతో వెళ్ళినవాడి సంగతో? మాది కర్ణాటక సరిహద్దు. తెలుగూ ఉర్దూ కన్నడం సంతలో ఒకే బేరంలో కలిసిపోతాయి. బీరువాలో ఒక్క భాషే ఉంటే తెరమీదా ఆ భాషే తేలుతుంది. చూసినవాళ్ళు మిగతా భాషలు చదివేవాళ్ళే లేరు కాబోలనుకుంటారు. ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మాత్రం అన్ని భాషలవాళ్ళూ కట్టవలసిందే.

ఎక్కడిదాకానో ఎందుకు, ఈ మండలంలోనే మాచనూరులో 2008లో సంఘం రేడియో మొదలయింది. పొలం పనులు చేసుకునే ఆడవాళ్ళే కార్యక్రమాలు తయారుచేశారు. అక్కడ వినేవాళ్ళే చెప్పేవాళ్ళు. లెగ్రాడీ తెరలో నాకు కనపడనిది అదే.

మనవైపు ఎవరైనా అలాంటిది పెడితే "అడిగారు, లేవు" అని ఒక వరస కూడా పెట్టించమన్నాను మేనల్లుడితో.

"ఆరు తెరలూ దానికే సరిపోతాయేమో మామా!" అన్నాడు వాడు.