కడుపు పండేదాకే కథ

సినిమా చూడటం ఒక పని, చూసిన సినిమాను నోటితో చెప్పడం ఇంకో పని. రెండోది ఆదోని దగ్గరి కౌతాళంలో నాకు చిన్నప్పుడే అంటుకున్న అలవాటు. విత్తనాలకని చెనిక్కాయలు ఒలిచేటప్పుడు, పత్తి ఏరి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకున్నప్పుడు మా వీధి ఆడవాళ్ళకు ఒక కథ కావాలి. తెలుగు సినిమాలు వాళ్ళు చూసేసినవే, హిందీవి నేను చెప్పాలి. ఆదోనిలో హిందీ సినిమాకు ఎప్పుడూ జనం ఉండేవాళ్ళు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళు, పత్తి బజారు మార్వాడీ కుటుంబాలు, రెండో బొంబాయి అని పేరు మోసిన ఊరు మరి! మా పల్లెల్లో నడిచేది మాత్రం కన్నడం కలిసిన తెలుగు. హిందీ పాటలు నోటికొస్తాయి, మాటలు సగమే అందుతాయి. ఇప్పుడు ఫోన్లు అందరి చేతుల్లోనూ ఉన్నాయి కానీ, రెండున్నర గంటలు కూర్చునే తీరిక ఎవరికీ లేదు. "నువ్వే చెప్పు పాపా" అంటారు.

తెరమీద పాట, వాన, మంచు కొండలు కలిసి దాటించేసే సంగతులు నోటితో చెప్పేటప్పుడు దాటవు. పాట తీసేస్తే మిగిలేది ఎవరు ఎవరితో ఉన్నారు, తర్వాత ఏమైంది, అంతే. "అంటే, పెండ్లి కాకముందేనా?" అని ఎవరో ఒకరు ఒలిచే చెయ్యి ఆపుతారు. అక్కడ చెప్పేవాళ్ళు తడుముకుంటే కథ పోయినట్టే.

'ఆరాధన' చెప్పడానికి ఇబ్బంది లేదు. 1969లో శక్తి సామంత తీసిన ఆ సినిమాలో రాజేశ్ ఖన్నా, షర్మిలా టాగోర్ ముందే గుళ్ళో దేవుడి ఎదుట ఒకటవుతారు. ఆ తర్వాతే వాన, తడిసిన బట్టలు, చలిమంట, ఒకే షాట్‌లో తీసిన ఆ పాట. ఆ గుడి పెండ్లి దర్శకుడు ప్రేక్షకుల దగ్గర తీసుకున్న పర్మిట్ లాంటిది. విమానం కూలి అతడు పోతాడు, సాక్ష్యం లేని పెండ్లిని అత్తింటివాళ్ళు ఒప్పుకోరు. అంతకు పదేళ్ళ ముందు, 1959లో, యశ్ చోప్రా మొదటి సినిమా 'ధూల్ కా ఫూల్'లో ఆ పర్మిట్ కూడా లేదు. మాలా సిన్హా బిడ్డను అడవిలో వదిలేస్తే అబ్దుల్ రషీద్ అనే ముసలాయన ఎత్తుకుని సాకుతాడు. తండ్రి ఇంకో పెండ్లి చేసుకుని మేజిస్ట్రేటై దర్జాగా కూర్చుంటాడు. ఈ కథ చెప్పిన రోజు మా వాళ్ళు తల్లిని కొంచెం తిట్టారు, తండ్రిని చాలా తిట్టారు, ఆ ముసలాయన దగ్గరికొచ్చేసరికి మాట మెత్తబడింది.

'ఆరాధన'లో నాకు నచ్చేది వాన పాట తర్వాతి భాగం. కన్న కొడుకును వేరేవాళ్ళు పెంచుకుంటుంటే ఆ ఇంట్లోనే ఆయాగా చేరుతుంది తల్లి. నోరు విప్పి చెప్పుకోలేకపోయినా పెంచే చాకిరీ మాత్రం ఆమెదే. ఈ సినిమానే 1974లో తెలుగులో శోభన్‌బాబు, వాణిశ్రీలతో 'కన్నవారి కలలు'గా తీశారు. మా పెద్దమ్మల వయసువాళ్ళకు అది గుర్తే. తప్పు చేసిందా లేదా అన్న చర్చ వాళ్ళ దగ్గర ఎంతోసేపు నడవదు. ఆయా పని మీదికి మాట మళ్ళితే మాత్రం గంటలు గడిచిపోతాయి.

2000 వచ్చాక హిందీ సినిమా ఒక్కసారిగా భయం వదిలించుకుంది. కుందన్ షా 'క్యా కెహనా'లో ప్రీతి జింటా కడుపుతో కాలేజీకి పోతుంది, ఇంట్లోంచి గెంటినవాళ్ళే మళ్ళీ తీసుకెళ్తారు, చివరికి బిడ్డ తండ్రి పెండ్లంటే వద్దని తోడుగా నిలిచినవాడిని ఎంచుకుంటుంది. 2005లో 'సలామ్ నమస్తే' వచ్చేనాటికి గుడీ లేదు, దండలూ లేవు. మెల్‌బోర్న్‌లో ఇద్దరూ ఒక ఇల్లు తీసుకుని కాపురం పెట్టేస్తారు. ఇది చెబితే వీధి అదిరిపోతుందనుకున్నాను. "బాడుగ ఎవురు కట్టినారు?" అని అడిగారు. ఇద్దరూ కట్టారంటే "మేలే" అన్నారు. 2013లో 'శుద్ధ్ దేశీ రొమాన్స్' ఆ కాపురాన్ని విదేశం నుంచి జైపూర్ సందుల్లోకి తెచ్చి, ఆఖర్లో కూడా పెండ్లి చెయ్యకుండానే వదిలేసింది. నాయికా నాయకులకు బాడుగకు పెళ్ళివారిగా పోయే పని పెట్టడం జైదీప్ సాహ్నీ రచనలోని చమత్కారం. ఆ పని సంగతి విని మా వాళ్ళు బాగా నవ్వారు, కూలి ఎంతిస్తారో కూడా ఆరా తీశారు.

ప్రేమ ఇంత తేలికపడ్డాక కూడా బిడ్డ దగ్గరికొచ్చేసరికి కథ గొంతు మార్చుకుంటుంది. 'క్యా కెహనా'లోనూ, 'సలామ్ నమస్తే'లోనూ మగవాడు వద్దంటాడు, ఆడమనిషి కంటానంటుంది, ఆ మాటతో ఆమె గొప్పదైపోతుంది. గర్భస్రావం చట్టం ఈ దేశంలో 1971 నుంచి ఉంది. 2021 సవరణలో 'భర్త' ఉన్నచోట 'భాగస్వామి' వచ్చి చేరాడు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెండ్లికానివాళ్ళకూ 24 వారాల దాకా అదే హక్కుందని తేల్చింది. చట్టం అంత దూరం నడిచింది. సినిమా మాత్రం ఆ మాట ఎత్తితే ఇప్పటికీ విలన్ సంగీతం వాయిస్తుంది. మా వీధిలో ఒక చిన్నమ్మ "తీయించుకోవచ్చు గదా, సదువు ఉండాది గదా" అన్నప్పుడు ఎవరూ ఉలిక్కిపడలేదు. ముగ్గురు పిల్లల తర్వాత ఆస్పత్రి మెట్లెక్కిన ఆడవాళ్ళకు అది పాపపుణ్యాల లెక్క కాదు, ఇంటి లెక్క.

బిడ్డను ప్రేమకు రుజువుగా వాడుకోవడం ఇంకో పద్ధతి, అది మన తెలుగు నుంచే హిందీకి పోయింది. 2017 'అర్జున్ రెడ్డి'ని సందీప్ రెడ్డి వంగా 2019లో 'కబీర్ సింగ్'గా తీశాడు. ముద్దులకు లెక్కలేని ఆ కథ ఆఖర్లో కడుపులో ఉన్నది నీ బిడ్డే అన్న ఒక్క మాట మీద ఆగుతుంది. అన్ని కట్లూ తెంపుకున్నానని చెప్పుకునే సినిమా చివరికి అడిగింది పాత అత్తగార్లు అడిగే ప్రశ్నే.

పెండ్లి లేని తల్లి అంటే సినిమావాళ్ళకు కొత్త సాహసం కావచ్చు, మా సీమకు పాత గాయం. 1953 దాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ ప్రాంతమంతా మగపిల్లలు లేని ఇళ్ళలో కూతురిని దేవుడి పేరు చెప్పి బసివిగా వదిలేవాళ్ళు. ఆమె పుట్టింట్లోనే ఉండేది, ఆమె బిడ్డలకు తాత వంశమే వంశం. దక్షిణాది కులాల మీద థర్స్టన్ రాసిన 1909 పుస్తకాల్లో ఈ ఆచారం నమోదై ఉంది. బిడ్డకు చోటు దొరికేది, ఆ ఆడమనిషి బతుకు మాత్రం ఊరుమ్మడి అయిపోయేది. 1988లో చట్టం దాన్ని నిషేధించింది. అందుకే 'మగతోడు లేకుండా కన్నది' అని తెర మీద చప్పట్లు కొట్టించేటప్పుడు నాకు చేతులు తొందరగా లేవవు. ఎవరి ఇష్టం మీద కన్నది అన్నది ముందు తెలియాలి.

'బధాయీ హో' (2018) మా దగ్గర బాగా ఆడింది, అంటే నా నోట బాగా ఆడింది. పెండ్లీడు కొడుకున్న తల్లి నీనా గుప్తా కడుపుతో ఉంటుంది, కొడుకు సిగ్గుతో చచ్చిపోతాడు. "దీనికి సిగ్గేంటికి?" అని మా అవ్వ. వాళ్ళ కాలంలో తల్లీకూతుళ్ళు ఒకే ఏడు కనడం, మేనల్లుడికంటే చిన్న మేనమామ ఉండడం మామూలే. ఢిల్లీ కాలనీకి వింతగా తోచింది కౌతాళంలో బంధువుల వరస. కాకపోతే ఆ సినిమా కూడా బిడ్డ పుట్టగానే దుప్పటి కప్పేసుకుంది.

ప్రతి కథ చివరా మా వాళ్ళు అడిగే ప్రశ్న అక్కడే మొదలవుతుంది: "బాలింతకు ఎవురు చేసినారు? ఆ బిడ్డను ఎవురు సాకినారు?" మొదట్లో ఇది కథ తెలియనివాళ్ళ ప్రశ్న అనుకునేదాన్ని, కాదని తర్వాత అర్థమైంది. పంటలు చేతికొచ్చాక కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల నుంచి జనం సుగ్గికి పోతారు, గుంటూరు వైపు పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి. పిల్లలను అవ్వల దగ్గర వదిలి పోతారు, లేదా బడి మాన్పించి వెంట తీసుకుపోతారు. ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, పసివాళ్ళు. తల్లితనం అంటే ఇక్కడ ఆ నెలల్లో గంజి ఎవరు కాచారు, జ్వరమొస్తే ఎమ్మిగనూరుకు ఎవరు ఎత్తుకుపోయారు అన్నదే. హిందీ సినిమా రచయితలు లేబర్ రూమ్ తలుపు దగ్గర కెమెరా కట్టేస్తున్నారంటే నిజంగా కష్టమైన సీను రాయకుండా తప్పించుకుంటున్నారనే నా అనుమానం.

తప్పించుకోనిది ఒకటుంది: 2021లో లక్ష్మణ్ ఉతేకర్ తీసిన 'మిమీ'. ఇదే కథకు మూలమైన మరాఠీ సినిమాను సింగీతం శ్రీనివాసరావు 2013లోనే 'వెల్‌కమ్ ఒబామా'గా తెలుగు చేశారు, ఎవరూ పట్టించుకోలేదు. డబ్బుకు గర్భం అద్దెకివ్వడాన్ని ఆపిన సరోగసీ చట్టం కూడా 2021దే. కథలో డబ్బిచ్చి మిమీ గర్భాన్ని అద్దెకు తీసుకున్న అమెరికా దంపతులు, పుట్టబోయే బిడ్డకు లోపం ఉంటుందని వినగానే మాయమవుతారు. కన్నది, పెంచింది మిమీ. నాలుగేళ్ళకు వాళ్ళు తిరిగొచ్చి బిడ్డను అడుగుతారు.

ఇక్కడ నేను కథ ఆపాను. ఏడాదేడాది సుగ్గికి పోయే మా చిన్నమ్మ ఒకామె వెంటనే "ఇచ్చేయాల. బిడ్డ వాళ్ళది" అంది. "తల్లి దూరం పోతే తల్లి కాకపోతుందా?" ఆమె ముగ్గురు పిల్లలను సాకిన అత్త పక్కనే ఉంది. "దూరం పోయినోళ్ళు లోపం ఉందని పోయినారా, కూలికి పోయినారా?" అంది ముసలామె. "రెండూ ఒకటేనా?" చిన్నమ్మ ఒప్పుకోలేదు, చెనిక్కాయలు గంపలోకి విసిరేసింది. చివరికి ఆ దంపతులు అనాథాశ్రమం నుంచి వేరే పాపను తీసుకుని వెళ్ళిపోతారని చెబితే ఇద్దరూ కలిసి నా మీదే పడ్డారు: ఆ పని మొదటే చేసుంటే ఇంత కథ ఉండేదా అని.