మరణశాసనమున నొక పంక్తి

మరణశాసనమును వచనరచనగా భావించి చదువువారు మనలో నరుదు. అందు అలంకారములుండవు, వ్రాయసకాండ్రు తరతరములుగా వాడుచున్న వాక్యములే యుండును. అయినను ఆ వాడుక తప్పిన ఒక్క పంక్తియందు కర్త హృదయము బయల్పడును. పదునాఱు, పదునేడు శతాబ్దుల ఆంగ్లేయులు తమ శాసనములలో ఆత్మను దేవునికిని, దేహమును భూమికిని ఒప్పగించి, పిమ్మట దుస్తులను, పాత్రలను, మంచములను పంచుచుండిరి.

ఫ్రాన్సిస్ బేకను 1625లో వ్రాసిన శాసనమున, తల్లిని పాతిపెట్టిన దేవాలయముననే తన్నును పాతిపెట్టవలయునని కోరెను. తన కీర్తిని పరదేశములకును రాబోవు తరములకును విడిచెను. వచనముగా నది శ్లాఘ్యమే. కాని భార్యకు మొదట వ్రాసినదానిని ఆ శాసనముననే రద్దుచేసెను. విశ్వవిద్యాలయములలో స్థాపింపగోరిన ఉపన్యాసపీఠములు, 1626లో ఆయన అప్పులతో మరణించుటచే, ధనములేక కోరికలుగానే మిగిలెను.

1616 నాటి షేక్స్పియరు శాసనమున అట్టి సొగసు లేదు. భార్యకు వ్రాసినది మంచమొక్కటి. అదియు ఇంటిలోని మేలిమంచము కాదు, దాని తరువాతిది. ఆ మాటయు పంక్తుల నడుమ ఇఱికించి వ్రాసినదే. ఇది అవమానమని కొందఱు. మేలిమంచము అతిథులకై యుంచునది గనుక ఇది దంపతుల శయ్యయని కొందఱు. విధవకు న్యాయముగా వచ్చు భాగమును శాసనమున వ్రాయనక్కఱలేదని మఱికొందఱు. కావున తొందరపడి తీర్పుచెప్పరాదు.

మన వీలునామాలలోను అట్టి పంక్తి గలదు. పొలముల సరిహద్దులన్నియు తప్పక వ్రాసిన పిమ్మట, కుమార్తెకు పసుపుకుంకుమలక్రింద ఇచ్చితిమి గనుక ఆమెకిక హక్కు లేదని యొక వాక్యము పలుమాఱు కానవచ్చును. ఈ పంక్తికి రెండవ వ్యాఖ్యానము లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కుమార్తెను వారసురాలినిగా చేసెను. 2005 సవరణ ఉమ్మడి ఆస్తిలో ఆమెకు పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు నిచ్చెను. కాని తన భాగమును, స్వార్జితమును తండ్రి వలసినవారికి వ్రాయవచ్చునని ఆ చట్టమే 30వ నిబంధనలో చెప్పుచున్నది. చట్టమొక చేతితో నిచ్చినదానిని తండ్రి కలము తీసికొనుచున్నది.

కందుకూరి వీరేశలింగముగారు తమ ఆస్తిని జీవించియుండగనే హితకారిణీ సమాజమున కొసగిరి. బ్రదికియుండగా నిచ్చినదానికి వ్యాఖ్యాతలక్కఱలేదు. అందఱకు నది సాధ్యము కాకపోవచ్చును. వీలునామా వ్రాయించు గృహస్థుడు సంతకమునకు ముందు దానిని భార్యయు కుమార్తెయు వినుచుండగా బిగ్గరగా చదువవలయును. ఏ వాక్యమునొద్ద గొంతు తడబడునో, ఆ వాక్యమును కొట్టివేయుట మేలు.