మాండలిన్ లేని శ్రీని కల

శక్తి బృందం ‘దిస్ మొమెంట్’ ఆల్బమ్‌లో మొదటి పాట పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. ఆ శ్రీని ఎవరో కాదు, మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్. 2023 జూన్ 30న విడుదలైన ఈ ఆల్బమ్‌లో ఎనిమిది పాటలున్నాయి. గిటారు ఉంది, ఫిడేలు ఉంది, గొంతు ఉంది, తబలా ఉంది, కంజీర ఉంది. మాండలిన్ మాత్రం ఏ పాటలోనూ లేదు. పాటకు ఆయన పేరు పెట్టి ఆయన వాద్యాన్ని పక్కన పెట్టడమేమిటని గోదావరి జిల్లాల శ్రోతకు మొదట చిన్నబోయినట్టుగానే ఉంటుంది. ఆ తళుకు తీగ ఈ మలుపులో వినిపిస్తుందేమో, వచ్చే ఆవర్తనంలో పలుకుతుందేమో అని చెవి వెతుక్కుంటుంది. నాలుగైదు సార్లు విన్నాక ఆ వెతుకులాట ఆగిపోతుంది. అప్పుడు మొదలవుతుంది ఈ ఆల్బమ్ అసలు రుచి.

ఆ రుచి తెలియాలంటే ముందు ఆ తీగ ఎక్కడిదో చూడాలి. దిండి దగ్గర వశిష్ఠ దాటితే చించినాడ, ఆపైన పాలకొల్లు. ఏటికి ఇవతల కోనసీమలో, రాజోలు ప్రాంతపు శంకరగుప్తంలో 1930లో బాలమురళీకృష్ణ పుట్టారు. అవతల పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ పుట్టారు. మొదటివాడు ఎనిమిదో ఏట విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కూర్చుని పాడాడు. రెండోవాడు తొమ్మిదో ఏట, 1978లో, గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లోనే మాండలిన్ ఒళ్లో పెట్టుకుని వాయించాడు. ఒక గోదావరి పాయకు ఈ గట్టు నుంచి ఒక గొంతు, ఆ గట్టు నుంచి ఒక తీగ లోకం మీదికి వెళ్లాయి. శ్రీనివాస్ తీగ కూడా గొంతు దగ్గరే చదువుకుంది. ఈ వ్యాసానికి పట్టుకొమ్మ ఆ సంగతే.

శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ గారి ఇంట్లో మాండలిన్ ఉండేది. పిల్లవాడు చాలా చిన్న వయసులోనే దాన్ని చేతికి తీసుకున్నాడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారే కొడుక్కీ గురువయ్యారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్ర విద్వాంసులు. మాండలిన్ వాయించడం ఆయనకు రాదు. అందుకని ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నదాన్ని తీగ మీద వెతికి పట్టుకునేవాడు. వేలు ఇక్కడ పెట్టు, ఇలా జార్చు అని చెప్పేవారు లేరు. గురువు గొంతులో ఊగిన స్వరాన్ని ఈ చిన్న జంత్రంలో ఎలా ఊపాలో శిష్యుడే కనిపెట్టుకోవాలి.

మాండలిన్ దానికి ఏమాత్రం అనువైన వాద్యం కాదు. మీటిన స్వరం పుట్టిన క్షణం నుంచే సన్నగిల్లుతుంది. వీణకున్న పెద్ద బుర్ర దీనికి లేదు, ఫిడేలు కమానుకున్న దీర్ఘశ్వాస లేదు. మెట్లు ఇరుకు. పాశ్చాత్యులు ఆ కొరత తీర్చడానికి జంటతీగల మీద చకచకా మీటుతూ ఒక వణుకు పుట్టిస్తారు. శ్రీనివాస్ ఆ దారి పట్టలేదు. నాలుగు జంటతీగలు తీసేసి ఐదు ఒంటితీగలు కట్టారు, విద్యుత్ మాండలిన్‌ను ఎంచుకున్నారు. దాంతో ఒక్క మీటుకు పుట్టిన నాదం కాసేపు నిలిచింది. ఆ కాసేపట్లోనే ఆయన వేలు తీగ వెంట జారి, కంపించి, మెట్టుకూ మెట్టుకూ మధ్య దాగిన శ్రుతుల్ని తడిమి వచ్చేది. ఆయన తోడి ఆలాపన విన్నవారికి ఇది అనుభవమే. మీటు వినబడదు, స్వరం వినబడుతుంది. సన్నగిల్లే నాదాన్ని చివరి చుక్క దాకా పలికించడం ఆయన కళలో గుండెకాయ.

ఆ తీగ శక్తి బృందంలోకి వెళ్లిన కథ కూడా రసవత్తరమే. ఇంగ్లండులో పుట్టిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకీర్ హుస్సేన్, ఫిడేలు ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరామ్ కలిసి 1970లలో కట్టిన బృందం అది. 1976, 77 సంవత్సరాల్లో మూడు ఆల్బమ్‌లు వేసి విడిపోయారు. ఇరవై ఏళ్ల తరవాత ‘రిమెంబర్ శక్తి’ పేరుతో మళ్లీ కలిసినప్పుడు ముందు హరిప్రసాద్ చౌరసియా వేణువు వచ్చింది, ఆ తరవాత శ్రీనివాస్ మాండలిన్. వినాయకరామ్ స్థానంలో ఆయన కొడుకు సెల్వగణేశ్ కూర్చున్నారు. శంకర్ మహదేవన్ గొంతు తోడైంది. మెక్‌లాఫ్లిన్ గిటారూ శ్రీనివాస్ మాండలిన్ ఎదురెదురుగా కూర్చుంటే రెండు మీటు వాద్యాలు సై అంటే సై అన్నట్టుండేది. ఒకరు విసిరిన స్వరగుచ్ఛం నేల తాకకముందే రెండోవారు దాన్ని తిప్పి విసిరేవారు. మధ్యలో శ్రీనివాస్ ముఖాన పసిపిల్లవాడి నవ్వు.

ఒక చిత్రం గమనించాలి. శ్రీనివాస్ ఉన్నన్నాళ్లూ ఆ బృందం నుంచి వచ్చిన ఆల్బమ్‌లన్నీ కచేరీల రికార్డింగులే. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో, నలభై అయిదేళ్లకే ఆయన వెళ్లిపోయారు. 1977 తరవాత శక్తి మళ్లీ స్టూడియో ఆల్బమ్ చేసింది 2023లోనే. అంటే ఈ బృందంతో స్టూడియోలో ఆయన ఒక్క ఆల్బమ్ కూడా చేయలేదు. ‘శ్రీనీస్ డ్రీమ్’ అన్న పేరు వినగానే మనసు కలుక్కుమనడానికి ఈ ఒక్క సంగతి చాలు.

సభ్యుణ్ణి పోగొట్టుకున్న బృందం ఆ లోటును ఎలా పాడుకోవాలి? దీనికి లోకంలో రకరకాల జవాబులున్నాయి. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ మరణిస్తే ఏసీ/డీసీ ఆ జూలైలోనే కొత్త గొంతుతో, నల్లటి అట్టతో, గంట మోతతో మొదలయ్యే ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ తెచ్చింది. మన కాలేజీ పిల్లలకు తెలిసిన కొరియా కుర్రాళ్ల బృందం షైనీ, 2017 డిసెంబర్‌లో జోంగ్‌హ్యున్ పోయాక ఎవరినీ కొత్తగా చేర్చుకోకుండా నలుగురుగానే ‘ద స్టోరీ ఆఫ్ లైట్’ పాడింది. కోనసీమ సన్నాయి మేళంలో పద్ధతి వేరు. పెద్దసన్నాయి పోతే తమ్ముడో కొడుకో అదే సన్నాయి పట్టుకుని అదే చోట కూర్చుంటాడు, పెళ్లి ఆగదు. శక్తికి కూడా ఆ దారి మూసుకుపోయి లేదు. శ్రీనివాస్ తమ్ముడు రాజేష్ అదే వాద్యంలో ఆరితేరినవారు. అయినా ఈ ఆల్బమ్‌లో మాండలిన్ స్థానంలో మాండలిన్ రాలేదు, గణేశ్ రాజగోపాలన్ ఫిడేలు వచ్చింది. తొలినాటి శక్తికి రాగం పలికింది కూడా ఫిడేలే. పోయినవారి చోట పోలికను కూర్చోబెట్టకుండా బృందం తన మొదటి పలుకుబడికి మళ్లింది.

దాంతో సంభాషణ స్వభావమే మారిపోయింది. గిటారూ మాండలిన్ రెండూ మీటితే పలికేవి, వాటి మాటలు పొడిపొడిగా, మెరుపులా ఉండేవి. ఇప్పుడు ఒక పక్క మీటు, మరో పక్క కమాను. మెక్‌లాఫ్లిన్ ఒక పదబంధం విసిరితే గణేశ్ దాన్ని సాగదీసి, తడిపి తిరిగి ఇస్తారు. ‘శ్రీనీస్ డ్రీమ్’లో గిటారు, ఫిడేలు, గొంతు ఒకే వరసను కలిసికట్టుగా పట్టుకున్నప్పుడు మూడు రకాల నాదాలు ఒకే గమకం మీద కలుసుకుంటాయి. ఆ గమకం కర్ణాటక గమకం, గొంతులో పుట్టినది. పాలకొల్లు పిల్లవాడు గురువు నోట విని తీగ మీదికి దింపుకున్నది ఇలాంటి గమకాన్నే. ఇప్పుడు తీగ లేదు, గమకం ఉంది. అది శంకర్ మహదేవన్ కంఠంలో స్వరాలై, గణేశ్ కమానులో ఊపిరై వినిపిస్తుంది. గొంతు నుంచి తీగలోకి వెళ్లిన పాట తిరిగి గొంతుకు చేరింది. నా చెవికి ఈ ఆల్బమ్ పరమార్థం ఇదే.

దీనికి సాక్ష్యం ‘గిరిరాజ్ సుధ’. బంగాళ రాగంలో వినాయకుడి మీద త్యాగయ్య చేసిన ‘గిరిరాజసుతా తనయ’ కృతే ఇది. క్షీరారామలింగేశ్వరుడి ఊరివాడికి పార్వతి కొడుకు పాట అచ్చొచ్చిందనుకోవచ్చు. ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’ అనే 2001 నాటి కచేరీ ఆల్బమ్‌లో శంకర్ మహదేవన్ పాడుతుంటే శ్రీనివాస్ మాండలిన్ పక్కనే పరుగెత్తింది. బంగాళ తిన్నగా మెట్లెక్కే రాగం కాదు. పంచమం దాకా వచ్చి, మధ్యమం మీదుగా రిషభానికి దిగి, అక్కణ్ణుంచి మళ్లీ పంచమానికి ఎగురుతుంది. ఆ దిగడం, ఎగరడమే దాని సొగసు. మాండలిన్ మీద ఆ ఎగురు టక్కున మెరిసేది, చప్పట్ల మధ్య కూడా దాని పదును తగ్గేది కాదు. అదే కృతి ‘దిస్ మొమెంట్’లో మళ్లీ వచ్చింది. అదే గాయకుడు, రెండు దశాబ్దాలు ముదిరిన కంఠం. ఎగిరే చోట ఇప్పుడు మెరుపు లేదు, జారు ఉంది. ఆనాడు ఆ దూకుడు తీగది, పాటకుడు దానితో పందెం వేసేవాడు. ఈనాడు ఆ భారమంతా ఆయన ఒక్కడే మోస్తున్నాడు, నిదానంగా, నిబ్బరంగా. శ్రీనివాస్ వదిలి వెళ్లిన చోటు ఎంతటిదో రికార్డు మొత్తంలో ఇక్కడే సరిగ్గా కొలతకు అందుతుంది.

లయ సంగతి వేరే చెప్పాలి. జాకీర్ తబలా, సెల్వగణేశ్ కంజీర, ఘటం, నోటితో చెప్పే కొన్నక్కోల్ జతులు ఈ ఆల్బమ్‌కు నడుము. జాకీర్ గొప్పదనం వేగంలో కంటే వినడంలో ఎక్కువ కనిపిస్తుంది. ఫిడేలు ఒక స్వరాన్ని సాగదీస్తుంటే తబలా జంటలో ఎడమదైన బాయా మీద మణికట్టు నొక్కి ఆ స్వరంతో పాటే వంగే గుమకీ వేస్తారు. తాళవాద్యం రాగం పాడుతున్నట్టుంటుంది. పాత శక్తిలో తండ్రి ఘటంతో జాకీర్ ఆడిన ఆటే ఇప్పుడు కొడుకు కంజీరతో ఆడారు. లయలో వారసత్వం తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. రాగంలో వారసత్వం వాద్యం నుంచి కంఠానికి వచ్చింది.

ఏ రసం ఇది? ‘కరుణ’ అనే పాట కూడా ఇందులో ఉంది. అయినా ఆల్బమ్ మొత్తం మీద శోకం స్థాయీభావం కాలేదు. మన ఆలంకారికుల లెక్కలో స్మృతి ఒక సంచారీభావం, వచ్చి పోయేది. ఇక్కడ శ్రీనివాస్ జ్ఞాపకం సరిగ్గా అలాగే తిరుగుతుంది. ఒక సంగతి చివర, ఒక ఆగు దగ్గర తొంగిచూసి తప్పుకుంటుంది. స్థాయిగా నిలిచేది ఉత్సాహం. ఎనభై ఒకటో ఏట మెక్‌లాఫ్లిన్, డెబ్బై రెండో ఏట జాకీర్ ఈ వాద్యాల మీద చూపిన ఉత్సాహం చిన్నదేమీ కాదు. ‘మోహనం’, ‘లాస్ పాల్మాస్’, ‘సోనో మామా’ అన్న పేర్లు చూస్తేనే ఇది సంతాపసభ కాదని తెలుస్తుంది. మన రాగం నుంచి స్పెయిన్ దీవుల ఊరు దాకా, అక్కణ్ణుంచి జపాన్ మాట దాకా తిరిగారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కోవిడ్ రోజుల్లో ఎవరి ఊళ్లో వారుండి, రికార్డు చేసిన ముక్కల్ని ఒకరికొకరు పంపుకుంటూ దీన్ని కూర్చారు. పాత కచేరీల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ అప్పటికప్పుడు పుట్టించిన కవ్వింపులు ఇందులో తక్కువ. మెక్‌లాఫ్లిన్ గిటారు సింథ్ మోత కొన్నిచోట్ల నున్నగా, పాలిష్ పట్టినట్టుంటుంది. 1970ల నాటి ఆయన చెక్కగిటారు గరుకుదనం కోసం ప్రాణం లాగుతుంది. ఇంత నున్నటి నేపథ్యంలో ఒక్క పదునైన తీగ ఉంటే ఎంత బాగుండేదో అనిపించే క్షణాలున్నాయి. ఆ తీగ ఎవరిదో మళ్లీ చెప్పనక్కర్లేదు.

2024 ఫిబ్రవరిలో ‘దిస్ మొమెంట్’కు గ్రామీ వచ్చింది. అదే ఏడు డిసెంబర్ 15న జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. ఒకరి లోటు తలుచుకుని మొదలైన ఆల్బమ్‌ను ఇప్పుడు ఇద్దరి లోటుతో వింటున్నాం. కానీ రెండూ ఒకటి కావు. జాకీర్ ఇందులో దరువు దరువునా ఉన్నారు, చేయి చాస్తే తగిలేంత దగ్గరగా. శ్రీనివాస్ వాయించలేదు, వాయించేవారి తీరును మార్చారు. కళాకారుడు మిగిలే దారుల్లో రెండోది అరుదు. దాన్ని గుర్తుపట్టడానికి శ్రోత వైపు నుంచి కూడా కాస్త శ్రమ కావాలి.

ఆ శ్రమ పెద్దదేమీ కాదు. ముందు శ్రీనివాస్ ఒంటరిగా వాయించిన ఏదైనా తోడి గాని, కల్యాణి గాని వినండి. ఆపైన బొంబాయి కచేరీలోని ‘గిరిరాజ్ సుధ’, ఆ తరవాతే ‘దిస్ మొమెంట్’లోనిది. ఈ వరసలో వింటే ఒక్కొక్క గమకం ఎవరి దగ్గర బయలుదేరి ఎవరిని చేరిందో చెవే చెబుతుంది. చివర ‘శ్రీనీస్ డ్రీమ్’కు వచ్చేసరికి మాండలిన్ ఎందుకు లేదని అడగాలనిపించదు.